తుంగభద్ర యెడమకాలువ: పాలుదారులును, ప్రమాదములును

ఒక నిర్మాణకార్యము సఫలమైనదా యని తెలిసికొనుటకు కట్టడము నిలిచినదా యని చూచుట చాలదు. దానితో సంబంధము గలవారి సమ్మతి లభించినదా, రాబోవు అపాయము ముందుగా లెక్కింపబడినదా యనియు విచారింపవలయును. రాయచూరు జిల్లాలోని తెలుగువారికి ఇందులకు తుంగభద్రకంటె చేరువైన యుదాహరణము లేదు.

ఆనాడు ఎడమ దరి నిజాము రాజ్యము, కుడి దరి మద్రాసు. నీటి పంపకమును గూర్చి యేండ్ల తరబడి వాదించుకొనిన పిదప ఉభయులును 1944లో నొడంబడికకు వచ్చిరి. 1945 ఫిబ్రవరి 28న ఇరుదరులను వేఱువేఱుగా శంకుస్థాపనలు జరిగెను. 1953లో కాలువలకు నీరు వచ్చెను. తుంగభద్ర బోర్డును ఆ యేటనే యేర్పడెను. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినను, ఉమ్మడి వ్యవహారము చెడలేదు. ప్రభుత్వముల కొక పీఠ ముండుటయే యిందుకు కారణమని నా యభిప్రాయము.

రైతులకు మాత్ర మట్టి పీఠము దొరకలేదు. సుమారు 227 కిలోమీటర్ల యెడమకాలువ కఱవుసీమయంతటికి పలుచగా నీరు పంచుటకు ఉద్దేశింపబడినది. అందుచే జొన్న, ప్రత్తి వంటి ఆరుతడి పంటలకే పెద్దపాలు. వరికి కొలదిగా మాత్రమే. ఇంతలో కృష్ణా, గుంటూరు, గోదావరి సీమల నుండి మనవారు వచ్చి, నల్లరేగడి భూములు కొని, క్యాంపులు కట్టుకొని వరి నాటిరి. వారి శ్రమ కొనియాడదగినదే. స్థానికులును వారిని జూచి వరికి దిగిరి. కాని గంగావతి, సింధనూరు ప్రాంతములలో నీరు వరిమళ్లలో నిలువగా, మాన్వి, రాయచూరు తాలూకాల చివరి భూములు ఎదురుచూపులతో మిగిలెను. ఏ పొలమున నేది పండవలెనో కాగితముపై నిర్ణయింపబడినది; పండించువానిని అడుగలేదు. లాభము వరిలో నుండ, తూము తన పొలము దగ్గఱనే యుండ, ఆ నిర్ణయమును మన్నించు వాడెవడు? మా బడిలో క్యాంపుల పిల్లలును, చివరి యూళ్ల పిల్లలును ఒకే బల్లపై కూర్చుందురు. వారి తండ్రులు ఒకచోట కూర్చుండుట యరుదు.

అపాయముల మాట. మొదట దాదాపు 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము పూడికచే నేడు ఇంచుమించు 105కు దిగినది. ఇది మెల్లగా వచ్చు నష్టము గనుక ఎవరికిని నిద్ర చెఱుపదు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు మాత్ర మందఱును మేల్కొనిరి. ఇంజనీరు కన్నయ్యనాయుడు ప్రభృతుల యత్నమున, ఒక వారములో తాత్కాలికముగా పలకలు దింపి ప్రవాహము నాపిరి. కాని అంతకుముందే యెంతో నీరు ఏటిపాలయ్యెను. నీటి కొఱత యనగా మొదట తగులునది చివరి రైతుకే.

కావున గొలుసుల పరీక్షయు, పూడిక కొలతయు ఎంత యవసరమో, నాట్లకు ముందే ఎగువ దిగువ రైతులు కలిసి యేయే తూమున కెన్నినాళ్లు నీరని వ్రాసికొనుటయు నంతే యవసరము. ఆ వ్రాత కన్నడమునను తెలుగునను ఊరి చావడిలో అంటింపబడవలెను.