పరుగు తీసే కుక్కలో కిడ్నీ వాటా

మనిషి సత్తువంతా పెట్టి పరుగెత్తితే రక్తంలో ముందుగా కోత పడేవాటిలో కిడ్నీలు ఉంటాయి. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు 20 శాతం, అంటే నిమిషానికి లీటరు పైచిలుకు, వాటికే వెళుతుంది. అంత రక్తం వాటి పోషణకు కాదు, వడపోతకు. అందుకే కాళ్ల కండరాలు రక్తం అడగగానే సింపథెటిక్ నరాలు కిడ్నీ ధమనులను బిగిస్తాయి. పరుగు తీవ్రమైతే ఆ ప్రవాహం నాలుగో వంతుకు పడిపోవచ్చు.

కుక్క సంగతి వేరు. అమెరికాలో స్టీఫెన్ వాట్నర్, డీన్ ఫ్రాంక్లిన్ బృందం 1971లో దీన్ని చూపించింది. శస్త్రచికిత్స చేసి కిడ్నీ ధమని చుట్టూ చిన్న డాప్లర్ సాధనాన్ని అమర్చారు. కుక్క కోలుకున్నాక రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టి, గొలుసు లేకుండా వదిలారు. ముందు వాహనం, దాని వెనక కుక్క. పరుగు సాగినంతసేపూ ధమనిలోని ప్రవాహం వాహనంలో గీతగా నమోదవుతూనే ఉంది. కాళ్లకు వెళ్లే రక్తం ఎన్నో రెట్లు పెరిగింది. కిడ్నీకి వెళ్లేది మాత్రం దాదాపు ఎప్పటిలాగే ఉంది!

ఇదంతా కుక్క గుండె దమ్ము. పరుగులో అది నిమిషానికి 300 సార్ల దాకా కొట్టుకోగలదు. పైగా ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది. దాంతో కిడ్నీ వాటా కోసి కాళ్లకు పెట్టాల్సిన అవసరం అంతగా రాదు.

అలాగని కుక్క కిడ్నీ ధమనులు బిగుసుకోలేవని కాదు. ఆ బృందమే గుండెలోని విద్యుత్ మార్గాన్ని అడ్డగించి, వేగం అంతగా పెరగకుండా చేసి మళ్లీ పరుగెత్తించింది. కిడ్నీకీ పేగులకీ రక్తం తగ్గిపోయింది. 1972లో గుండె వైఫల్యం కలిగించిన కుక్కల్లోనైతే కోత మరీ తీవ్రంగా కనబడింది. ఆ మూగజీవాలు పడ్డ బాధను తలచుకోకుండా నేను ఈ ఫలితాలను చదవలేను. మన ఇళ్లలో కుక్కలను కాపాడుకోవడానికైనా ఆ ఫలితాలను వాడుకోవాలి.

వయసు మళ్లిన చిన్న జాతి కుక్కల్లో గుండెలోని మైట్రల్ కవాటం కారడం మామూలే. జబ్బు ముదిరితే అలాంటి గుండెకు మిగులు దమ్ము ఉండదు. బంతి విసిరి పరుగెత్తిస్తే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. అది ఒంట్లో నీరు తక్కువైందనుకుని ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది. ఆ భారం మళ్లీ గుండె మీదే పడుతుంది. నడకలో ఆయాసపడే కుక్కను, పడుకున్నా ఊపిరి వేగం తగ్గని కుక్కను పరుగెత్తించకుండా డాక్టరుకు చూపించాలి.

మే నెల ఎండలో ఆరోగ్యమైన కుక్కకూ ముప్పే. రొప్పుతూ నీరు కోల్పోతే రక్తం పరిమాణమే తగ్గుతుంది; అప్పుడు ఎంత బలమైన గుండె అయినా అన్ని అవయవాలకూ సరిపడా పంచలేదు. వడదెబ్బతో వచ్చిన కుక్కకు పశువైద్యులు ఒళ్లు చల్లబరచడంతో ఆగకుండా రక్తంలో కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ కూడా చూసేది ఇందుకే.