తంగేడు పువ్వు

గోదావరి మెట్ట ఊళ్ళలో కూలికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకు తంగేడు కొత్త కాదు. డొంక పక్కన, బీడులో, అడవి అంచున గుబురుగా పెరుగుతుంది. పసుపు ముద్దల్లా పూస్తుంది. ఎవరూ విత్తరు. ఎవరూ నీళ్ళు పొయ్యరు. కింద డెల్టాలో వరి చేల మధ్య ఇది తక్కువ. నీరు నిలిచే నేల దీనికి పడదు.

ఈ అడవి పొదకు 2014లో పెద్ద గౌరవం దక్కింది. ఆ ఏడు జూన్‌లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. నవంబరులో అక్కడి ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పం అని ప్రకటించింది. అక్కడ ఆడవాళ్ళు బతుకమ్మను పేర్చేది తంగేడు, గునుగు పూలతోనే కదా! మన ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను ఎంచుకుంది. మల్లెనైతే పెరట్లో నాటుకుంటాం, తడి పెడతాం.

తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసేవారు. రొట్టను చేలో తొక్కి ఎరువు చేసేవారు. చెక్కను చుట్టూతా ఒలిస్తే మాత్రం కొమ్మ ఎండిపోతుంది.

రాష్ట్ర పుష్పం అన్నంత మాత్రాన పొదకు ఎవరూ కాపలా కాయరు. బీడు చదును చేస్తే ముందు పోయేది ఇదే. పూలన్నీ తుంచేసినా కష్టమే. పువ్వు ఉంటేనే కాయ, కాయ ఉంటేనే గింజ. అందుకని కోసేటప్పుడు కొన్ని గుత్తులు కొమ్మకే వదిలెయ్యండి. అవి చదునైన కాయలవుతాయి. ఎండి గింజలు రాలుస్తాయి. తొలకరి పడగానే అక్కడే మొలకలు లేస్తాయి.