ఆరోగ్య బీమా – అవసర వివేచన

'బీమా' అనే మాటకు ఒత్తు చేర్చి 'భీమా' అని వ్రాసేవారు అనేకులు. కుమురం భీం పేరును ధరించిన ఆసిఫాబాద్ జిల్లాలో అలా వ్రాస్తే ఆశ్చర్యపడవలసినది లేదు. కాని ఈ పదానికి భీమునితో సంబంధం లేదు. ఇది పారసీకం నుండి ఉర్దూ మీదుగా తెలుగులోనికి వచ్చింది. పారసీకంలో 'బీమ్' అంటే భయం. రాబోయే ఆపదకు భయపడి ముందుగా చేసుకొనే ఏర్పాటే బీమా. సంస్కృతంలో దీనికి దగ్గరగా ఉన్న మాట 'యోగక్షేమం'. లేనిదానిని పొందడం యోగం, ఉన్నదానిని కాపాడుకోవడం క్షేమం అని పెద్దలు ఆ సమాసాన్ని విడదీసి చెప్పారు. ఆరోగ్య బీమాలో ఉన్నది క్షేమమే కాని యోగం కాదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే చాలా కుటుంబాలు బీమా విషయంలో తప్పు నిర్ణయానికి వస్తున్నాయి.

"పదేండ్లు కట్టాను, ఒక్క రూపాయి తిరిగి రాలేదు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. రాకపోవడమే మేలు కదా! ఆపదకు వెల కట్టడం మన పూర్వులకు తెలియని విషయం కాదు. అడవి మార్గాన పోయే వర్తకుడు నూటికి పది, సముద్రయానం చేసే వర్తకుడు నూటికి ఇరవై వడ్డీ ఇవ్వాలని యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. అప్పు ఒకటే అయినా దారిలోని అపాయాన్ని బట్టి వెల మారింది. నేటి బీమా ఆ అపాయాన్ని పదిమందికి పంచుతుంది. ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. వెయ్యి కుటుంబాలు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున చెల్లిస్తే 1 కోటి 20 లక్షలు పోగవుతుంది. ఆ ఏడాది 30 కుటుంబాలకు తలా మూడు లక్షల వైద్యం అవసరమైతే 90 లక్షలు వారికి పోతుంది. మిగిలిన 30 లక్షలు సంస్థ నిర్వహణకు, ఏజెంట్ల కమీషనుకు, లాభానికి చెందుతాయి. అంటే సగటున చూస్తే కట్టినవాడికి నష్టమే. అయినా ఆ ముప్పది కుటుంబాలలో మనది ఒకటి అవుతుందో కాదో ముందుగా తెలియదు గనుక ఆ నష్టానికి అర్థం ఉన్నది. కాబట్టి అడగవలసిన ప్రశ్న 'కట్టిన సొమ్ము తిరిగి వస్తుందా?' అని కాదు; 'ఎంత దెబ్బ తగిలితే మా కుటుంబం లేవలేదు?' అని.

మన దేశంలో సామాన్యుడు స్వయంగా కొనుక్కోదగిన ఆరోగ్య బీమా 1986లో 'మెడిక్లెయిమ్' పేరుతో ప్రభుత్వరంగ సంస్థల ద్వారా వచ్చింది. 1999 నాటి చట్టం ప్రైవేటు సంస్థలకు ద్వారం తెరిచింది. వాటన్నిటినీ నియంత్రించే ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది.

ప్రైవేటు బీమాకు డబ్బు కట్టే ముందు ఇంట్లో ఇదివరకే ఉన్న రక్షణ ఏమిటో చూసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం మరుసటి ఏడాదికి రాష్ట్రమంతటా విస్తరించింది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెరిగింది. తిర్యాణిలోనో కెరమెరిలోనో ఆహార భద్రత కార్డు ఉన్న రైతు కుటుంబానికి ఈ రక్షణ ఇప్పటికే ఉన్నది. సింగరేణి కార్మికునికి సంస్థ ఆసుపత్రులు ఉన్నాయి. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం పొందుతూ ఈఎస్ఐ పరిధిలోని సంస్థలో పనిచేసేవారికి ఆ వైద్యం లభిస్తుంది. ఇవేవీ నిర్దోషమైనవి కావు. బకాయిలు అందలేదని 2025లో ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను కొన్ని దినాలు నిలిపివేశాయి. ఉద్యోగంతో వచ్చిన రక్షణ ఉద్యోగంతోనే పోతుంది. కాగజ్‌నగర్‌లోని సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడి 2018లో గాని తిరిగి తెరుచుకోలేదన్న సంగతి ఇక్కడ స్మరించదగినది. అయినప్పటికీ, ఆరోగ్యశ్రీ ఉన్న పేద కుటుంబం అప్పు చేసి ప్రైవేటు బీమా కట్టడం వివేకం కాదని నా అభిప్రాయం. ఆ సొమ్మును అత్యవసరానికి చేతిలో ఉంచుకొంటే ఎక్కువ ఉపయోగం.

ఎందుకంటే ఈ జిల్లాలో కుటుంబాలను ఏటేటా పీడించే ఖర్చులలో చాలా భాగం బీమా పరిధిలోనికి రాదు. వానకాలంలో ఏజెన్సీ మండలాలలో మలేరియా, విషజ్వరాలు సాధారణం. రక్తపరీక్షకు, మందులకు, రెండు సెలైను సీసాలకు అయ్యే ఖర్చును మామూలు పాలసీ చెల్లించదు. కంటి శుక్లాల శస్త్రచికిత్స, డయాలిసిస్ వంటి కొన్నింటిని మినహాయిస్తే, కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలి. ఆ ఆసుపత్రి చట్టప్రకారం నమోదై ఉండాలి. లేదా పది లక్షల లోపు జనాభా గల ఊళ్ళలో కనీసం 10 పడకలు, రాత్రింబవళ్ళు వైద్యులు, నర్సులు ఉండాలి. ఆసిఫాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది గాని, గుండెకో మెదడుకో పెద్ద చికిత్స అంటే నేటికీ మంచిర్యాల, కరీంనగర్ దాటి హైదరాబాదు దారి పట్టేవారే ఎక్కువ. కొందరు చంద్రపూర్ వైపు పోతారు. హైదరాబాదు సుమారు మూడు వందల కిలోమీటర్లు. రోగి వెంట వెళ్ళినవారి బస, తిండి, పోగొట్టుకొన్న కూలి ఏ పాలసీలోనూ పూర్తిగా కనిపించవు. నగదు కట్టకుండా చికిత్స పొందాలంటే సాధారణంగా ఆ సంస్థతో ఒప్పందం ఉన్న ఆసుపత్రికే పోవాలి. కనుక పాలసీ కొనే ముందు ఆ జాబితాలో మంచిర్యాలలో ఎన్ని ఆసుపత్రులున్నాయి, కరీంనగర్‌లో ఎన్ని ఉన్నాయి అని చూడాలి. హైదరాబాదులో వంద ఉన్నా, దారిలో ఒక్కటీ లేకపోతే అర్ధరాత్రి గుండెపోటుకు అవి అక్కరకు రావు.

ఇక నిజంగా ఆలోచించవలసినవారు మధ్యలో ఉన్నవారు: కార్డుకు అర్హత లేనివారు, ఉద్యోగ రక్షణ లేనివారు. ఆసిఫాబాద్ బజారులో చిన్న కిరాణా దుకాణం నడిపే ఒక గృహస్థుని ఊహించుకొందాం. భార్య, ఇద్దరు పిల్లలు, 60 ఏండ్ల తల్లి, ఊరి బయట మూడెకరాల పత్తి చేను. ఒక్క పెద్ద శస్త్రచికిత్సకు నాలుగు లక్షలు అవసరమైతే అతడు మొదట బంగారం కుదువ పెడతాడు, తరువాత వడ్డీకి తెస్తాడు, చివరకు చేను అమ్ముతాడు. రోగం నయమైనా చేను తిరిగి రాదు. ఇటువంటి కుటుంబానికి బీమా అనవసర వ్యయం కాదు. ఆలస్యం చేయరాని వ్యయం. అయితే అందరినీ కలిపి ఒకే పాలసీ తీసుకొంటే ప్రీమియం ఇంట్లో అందరికన్నా పెద్ద వయసును బట్టి నిర్ణయమవుతుంది. తల్లికి వేరుగా, మిగిలిన నలుగురికి కలిపి తీసుకొంటే ఎంత అవుతుందో అడిగి, పోల్చి చూడడం మేలు. ఆమెకు 70 ఏండ్లు నిండిన తరువాత ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల వరకు రక్షణకు అర్హత కలుగుతుంది. ఈ సౌకర్యం 2024 అక్టోబరులో మొదలైంది.

ఏ పాలసీ అన్నది తరువాతి చిక్కు. 2020 ఏప్రిల్ నుండి 'ఆరోగ్య సంజీవని' అనే పాలసీని అన్ని సంస్థలూ ఒకే నిబంధనలతో అమ్ముతున్నాయి. నిబంధనలు ఒకటే కనుక వెలను, ఆసుపత్రుల జాబితాను పోల్చితే చాలు. ఇందులో బిల్లులో నూటికి ఐదు వంతులు మనమే భరించాలి. వ్యక్తులు, కుటుంబాలు కొనే ఆరోగ్య పాలసీల మీద నూటికి 18గా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుండి తొలగించారు. గది అద్దె పరిమితిని మాత్రం జాగ్రత్తగా చదవాలి. మూడు లక్షల పాలసీలో గది అద్దె రోజుకు నూటికి ఒకటి, అంటే 3,000 రూపాయలని ఉంటే, 6,000 రూపాయల గదిలో చేరినవానికి తగ్గేది అద్దె ఒక్కటే కాదు. వైద్యుని రుసుము, శస్త్రచికిత్స గది ఖర్చు కూడా సగానికి తగ్గుతాయి. ఈ ఒక్క వాక్యం తెలియక ఆసుపత్రి నుండి బయలుదేరేవేళ కంగారు పడినవారు ఎందరో!

ఉన్న రోగాన్ని దాచడం అన్నిటికన్నా ప్రమాదం. మధుమేహం ఉన్నా 'లేదు' అని వ్రాస్తే ప్రీమియం తగ్గవచ్చు; అవసరం వచ్చిననాడు దావా తిరస్కరిస్తారు. నిజం చెప్పినవారు గరిష్ఠంగా 36 నెలలు వేచి ఉంటే ఆ రోగానికీ రక్షణ లభిస్తుంది. అయితే ఏటా తప్పక కట్టాలి. గడువు, దానిమీద ఇచ్చిన అదనపు దినాలు కూడా దాటిపోతే గడిచిన నిరీక్షణ అంతా వృథా అవుతుంది. పత్తి రైతు చేతికి డబ్బు వచ్చేది పంట అమ్మినప్పుడే. కనుక అతడు పాలసీని జూన్‌లో గాక డిసెంబరులోనో జనవరిలోనో మొదలుపెట్టుకొంటే, ప్రతి ఏడూ కట్టే తేదీ చేతిలో సొమ్మున్న కాలంలోనే వస్తుంది. విత్తనాలు, ఎరువులు కొనే రోజులలో ప్రీమియం అంటే ఎవరికైనా అది వాయిదా వేయదగిన ఖర్చుగానే తోస్తుంది.

పాలసీ పత్రం సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. దానిని చదువలేక ఏజెంటు మాట మీదనే సంతకం చేయడం మనకు అలవాటు. కాని రక్షణ ఎంత, మినహాయింపులు ఏవి, వేచి ఉండవలసిన కాలం ఎంత, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్న సంగతులను సంగ్రహంగా తెలిపే సమాచార పత్రాన్ని ప్రతి సంస్థ ఇవ్వాలి. కోరినవారికి దానిని స్థానిక భాషలో ఇవ్వాలన్న నియమం 2024 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. ఆ పత్రాన్ని తెలుగులో అడిగి తీసుకొని, ఇంట్లో చదువుకొన్న పిల్లల చేత పెద్దగా చదివించుకోవచ్చు. పాలసీ చేతికి వచ్చిన 30 రోజులలోపల నిబంధనలు నచ్చకపోతే దానిని తిరిగి ఇచ్చివేయవచ్చు. స్వల్పమైన కోతలు పోగా కట్టిన సొమ్ము వెనుకకు వస్తుంది.