గొంతు మందు నుంచి బండి రంగు దాకా

సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఎటు చూసినా సైన్యం బండ్లు కనిపిస్తాయి, వాటి మీద ఆలివ్ పచ్చ. ఆ రంగు మన బండికి వేసుకోవడానికి లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది దాన్ని రక్షణ శాఖకే కేటాయించింది. మిగతా రంగులన్నీ మనవే. అవి బండి మీద అంత నునుపుగా పడటం వెనక మాత్రం ఒక గొంతు డాక్టరు ఉన్నాడు.

అమెరికాలోని టొలీడో ఊళ్లో అలెన్ డెవిల్‌బిస్ అనే వైద్యుడు 1880లలో రోగుల గొంతులోకి మందు చల్లే చిన్న పిచికారీ తయారుచేశాడు. రబ్బరు బుడ్డి నొక్కితే గాలి సన్న గొట్టం మూతి మీదుగా దూసుకుపోతుంది. అక్కడ పీడనం పడిపోయి సీసాలోని మందు పైకెక్కుతుంది, గాలి దెబ్బకు తుంపరై చెదిరిపోతుంది. 1907లో ఆయన కొడుకు థామస్ ఇదే కిటుకును రంగుకు వాడాడు. ఇవాళ షెడ్డులో పెయింటరు కంప్రెసర్‌కు తగిలించుకునే గన్ ఆ వంశానిదే.

అప్పటి వార్నిష్ రంగులు పూర్తిగా ఆరడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజుతో చేసిన డ్యూకో రంగు తెచ్చింది. మన పెయింటర్లు, వడ్రంగులు ఇప్పటికీ ‘డూకో’ అనేది దీన్నే. ఇందులో ఉన్నది ద్రావకం ఆవిరైతే చాలు గట్టిపడే పదార్థం, అందుకే గంటల్లో ఆరుతుంది. కుంచెతో పూయబోతే గీత గీతకే బిగుసుకుపోతుంది కాబట్టి గన్ తప్పనిసరైంది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లు ఈ రంగుతోనే నీలంగా మెరుస్తూ రోడ్డెక్కాయి.

ఇంట్లో కంప్రెసర్ లేనివాళ్లకు దారి చూపింది స్ప్రే డబ్బా. ఆ కథలో మన సికింద్రాబాద్‌కూ వాటా ఉంది. 1897 ఆగస్టు 20న ఇక్కడే, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. శత్రువు దోమేనని తేలాక దాన్ని చంపే సాధనాల వేట మొదలైంది. ఈలోగా నార్వే ఇంజనీరు ఎరిక్ రోథీమ్ 1920లలోనే పీడనంతో చల్లే డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గుడ్‌హ్యూ, సల్లివన్ సైనికుల కోసం దోమల మందును అలాంటి డబ్బాలో నింపారు. 1949లో ఎడ్వర్డ్ సేమర్ అనే రంగుల వ్యాపారి, భార్య బోనీ ఇచ్చిన సలహాతో, అందులో అల్యూమినియం రంగు పోశాడు. దోమల మీద పోరు లేకపోతే ఈ డబ్బా ఇంత త్వరగా మన చేతికి వచ్చేది కాదనే నా నమ్మకం.

డబ్బాలో రంగుతోపాటు పీడనంతో ద్రవంగా మారిన వాయువు ఉంటుంది. నాజిల్ నొక్కగానే అది బయట చటుక్కున ఆవిరై రంగును సన్నటి చుక్కలుగా చీలుస్తుంది. కొడుతూ ఉంటే డబ్బా చేతిలో చల్లబడేది అందుకే. ఒకప్పుడు ఆ వాయువులు క్లోరోఫ్లోరోకార్బన్లు. ఓజోన్‌కు చేటని తెలిసి, 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత వాటిని వదిలేశారు. ఇప్పుడున్నవి ఎక్కువగా వంటగ్యాసు జాతివి. అందుకే కొట్టేటప్పుడు దగ్గర్లో దీపం గానీ పొయ్యి గానీ ఉండకూడదు.

ఇంట్లో బైకుకు రంగు వేసుకోవాలంటే, పాత రంగుతో కొత్తది కలిసేలా చూడటమే అసలు పరీక్ష. కంపెనీ కోడ్ చెప్పి కొన్నా, ఎండకు వెలిసిన పాత ప్యానెల్ పక్కన కొత్తది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మెటాలిక్ అయితే మరీ కష్టం. అందులోని అల్యూమినియం రేకులు తడి పూతలో ఒక తీరుగా, పొడి పూతలో ఇంకో తీరుగా పడుకుంటాయి. ఒకే డబ్బా రంగు దగ్గర్నుంచి కొడితే ముదురుగా, దూరం నుంచి కొడితే లేతగా వస్తుంది. ముందు అట్టముక్క మీద కొట్టి, ట్యూబ్‌లైటు కింద కాదు, ఎండలో పోల్చి చూడాలి. మధ్యలో మచ్చ సరిచేయడం కంటే ప్యానెల్ మొత్తం వేయడం మేలు.

పాత రంగును సబ్బుతో కడిగి, లప్పం పెట్టిన చోట వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, మళ్లీ సన్నటి పేపర్‌తో తడిగా రుద్దాలి. చేతికి గరుకు తగిలితే రంగు దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. జానెడు దూరంలో, ప్యానెల్ అంచుకు బయటే నాజిల్ నొక్కి, అవతలి అంచు దాటాకే వదలాలి. పలుచటి పూతలు, మధ్యలో పది నిమిషాలు. చుక్కలు దారిలోనే సగం ఆరిపోతే పైపొర బత్తాయి తొక్కలా తేలుతుంది. ఒకేసారి గుమ్మరిస్తే కారుతుంది. ముసురు రోజుల్లో అసలు వద్దు: థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లగా పాలిపోతుంది.

పెట్రోలు ట్యాంకు సంగతి వేరు. రంగు పైన కొట్టే మామూలు డబ్బా క్లియర్ (పారదర్శక పూత) మీద పెట్రోలు చుక్క పడితే కరుగుతుంది. పెట్రోలును ఓర్చుకోవాలంటే హార్డెనర్ కలిపే టూకే క్లియర్ కావాలి. ఆ హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు పట్టాయంటే ఆస్తమా తేవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, తర్వాత కొద్దిపాటి ఆవిరి తగిలినా ఆయాసం వస్తుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. కాబట్టి సైడ్ ప్యానెళ్లు, మడ్‌గార్డు మామూలు డబ్బాతో ఇంటి దగ్గర, ఆరుబయట, కార్బన్ ఫిల్టరు మాస్కుతో వేసుకోండి. ట్యాంకును బూత్ ఉన్న పెయింటరుకు ఇవ్వండి. అతను మొహానికి రుమాలు కట్టుకుని టూకే కొడుతుంటే, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు పెట్టుకోమని గట్టిగా చెప్పండి. దానికోసం కూలి కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వండి.