క్షిపణికీ మార్చి గండం!

హంసలదీవి అనగానే సాగర సంగమం, మాఘ పౌర్ణమి స్నానాలు, వేణుగోపాలస్వామి ఉత్సవాలు గుర్తొస్తాయి. ఇకమీదట క్షిపణులూ గుర్తుకు రావచ్చు! పొరుగునే నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రం రాబోతోంది. 2025 మే 2న ప్రధాని నరేంద్ర మోదీ అమరావతి సభ నుంచే దీనికి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం దాదాపు రూ.1,460 కోట్లు.

దివిసీమ వాళ్లకి ఇది కొత్త కబురేం కాదు. పదేళ్లకు పైగా వింటున్నదే. మడ అడవులు, వన్యప్రాణి అభయారణ్యం ఉన్న చోటు కావడంతో అనుమతులకే ఏళ్లు పట్టింది. రక్షణ శాఖలో ఏ పెద్ద పనైనా అంతే... ఏళ్లూ పూళ్లూ సాగుతుంది. డబ్బులు మాత్రం ఏడాది లెక్కన వస్తాయి. చిక్కంతా అక్కడే!

రొయ్యల చెరువు తవ్విద్దామని రైతు అప్పు తెచ్చాడనుకోండి. 'మార్చి 31లోగా ఖర్చు పెట్టకపోతే మిగిలింది వెనక్కిచ్చెయ్, కావాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకో' అని బ్యాంకు అంటే? మన సైన్యం పరిస్థితి ఇంచుమించు అదే. ఫిరంగి కొనాలంటే పరీక్షలు, బేరసారాలు, సంతకాలు... ఒప్పందం ఏప్రిల్‌కి జారిందా, ఆ ఏటి సొమ్ము ఖజానాకి పోయినట్లే. 2024-25లో ఆయుధాలు, ఇతర ఆస్తుల కోసం రూ.1.72 లక్షల కోట్లు కేటాయించి, సవరించిన అంచనాల్లో రూ.1.595 లక్షల కోట్లకు తగ్గించారు. అంటే రూ.12,500 కోట్ల కోత! (మార్చిలో బిల్లుల హడావుడి మన పంచాయతీ ఆఫీసుల్లోనూ చూస్తుంటాంగా.)

ముందుచూపు లేదా అంటే... ఉంది. 1962 చైనా యుద్ధం నేర్పిన పాఠంతో 1964లోనే రక్షణకు పంచవర్ష ప్రణాళిక మొదలైంది. 2020లో తొలి త్రిదళాధిపతి బాధ్యతలు చేపట్టారు. త్రివిధ దళాల అవసరాలను కలిపి పదేళ్లకు ప్రణాళిక వేయాలనీ అదే ఏడాది నిర్ణయించారు. కానీ ప్రణాళిక వేరు, పైకం వేరు!

మురిగిపోని నిధి ఒకటి పెడదామని 2004 మధ్యంతర బడ్జెట్లో ఆర్థికమంత్రి జస్వంత్‌సింగ్ అన్నారు. రూ.25,000 కోట్లు. అది మాటగానే మిగిలింది. 2021-26 కాలానికి రక్షణ, అంతర్గత భద్రతల కోసం రూ.2.38 లక్షల కోట్లతో అలాంటి నిధే పెట్టమని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. కేంద్రం సూత్రప్రాయంగా సరేనంది. ఆ తర్వాతి బడ్జెట్లలో దాని జాడ లేదు.

డబ్బు ఊరికే మూలుగుతుందనీ, ఏటా పార్లమెంటు అనుమతి తీసుకోవడమే పద్ధతనీ మరో వాదన. కొట్టిపారేయలేం. కానీ బందరు సంగతి చూడండి. 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. సైనికులు చీకట్లో చూసే పరికరాలు అక్కడ తయారవుతాయి. వచ్చే ఐదేళ్లలో ఎన్ని కావాలో తెలిస్తేనే కదా, ఏ కర్మాగారమైనా కొత్త యంత్రం కొనేది, కుర్రాళ్లను చేర్చుకునేది!

అసలు కొత్త ఆయుధాలకు మిగిలేదే తక్కువ. 2025-26 రక్షణ బడ్జెట్ రూ.6.81 లక్షల కోట్లలో పింఛన్లకే రూ.1.61 లక్షల కోట్లు పోయాయి. ఆయుధాలు, ఆస్తులకు రూ.1.80 లక్షల కోట్లు కేటాయించారు. అందులోనూ పాత ఒప్పందాల వాయిదాలు కట్టాలి.

గుల్లలమోదకైనా రూ.1,460 కోట్లు ఒక్కసారిగా రావు. రాడార్లు, ప్రయోగ వేదిక లేచేదాకా ఏటా ఫిబ్రవరి 1న ఎంత ఇచ్చారో చూసుకోవాలి. మార్చి 31న ఎంత మిగిలిందో కూడా!