మూడు తరాలు, ఒక పెన్సిలు

నర్సింగ్ విద్యార్థులకు జన్యుశాస్త్రం సులువుగా ఎక్కేలా ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్‌గారు. బీఎస్సీ నర్సింగ్ నాలుగో సెమిస్టర్‌లో పాథాలజీతో కలిపి చెప్పే పాఠమిది. డీఎన్‌ఏ, క్రోమోజోము, మ్యుటేషన్ అని వరుసగా బట్టీపడితే పరీక్ష గట్టెక్కుతుంది కానీ ఆ చదువు వార్డు దాకా రాదు. ఈ పాఠం మొత్తంలో నా మనసు పట్టేసింది ఒక్కటే: నర్సు పెన్సిలుతో గీసే కుటుంబ పటం, పెడిగ్రీ చార్ట్. అందుకే ఎక్కువ చోటు దానికే.

ఒకటి గీసి చూద్దాం. పాలిపోయి, పొట్ట ఉబ్బిన పది నెలల బాబును పిల్లల వార్డులో చేర్చారనుకోండి. బీటా థలసీమియా మేజర్ అని తేలింది. పటంలో మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు వృత్తం. బాబు చదరాన్ని నల్లగా నింపి పక్కన బాణం వేయాలి. ఇంటి సంగతి కూపీ లాగడం ఇక్కడినుంచే మొదలు. పైన తల్లిదండ్రులు. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. కానీ బీటా గ్లోబిన్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి ఇద్దరిలోనూ చెడింది. కాబట్టి ఆ రెండు గుర్తులనూ సగమే నింపుతాం. వీళ్లు క్యారియర్లు.

ఇక ఆ ఇద్దరినీ కలిపే గీత.

"మీది మేనరికమా అమ్మా?"

"అవును సిస్టర్. మా మేనత్త కొడుకే."

ఒక గీత రెండు గీతలవుతుంది. బాబు అమ్మ వైపు తాతయ్య, నాన్న వైపు నానమ్మ అన్నాచెల్లెళ్లని ఆ జవాబుతో తెలిసిపోయింది. వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరి దగ్గరున్న జన్యువే అన్న వైపు నుంచి ఇటూ, చెల్లెలి వైపు నుంచి అటూ దిగి బాబులో కలిసి ఉండొచ్చు. పుస్తకంలో 'ఆటోసోమల్ రిసెసివ్' అన్నది ఇదే. అయితే మేనరికం జబ్బును పుట్టించదు, దాగిన జన్యువు రెండు వైపులనుంచీ కలిసే అవకాశాన్ని పెంచుతుంది, అంతే. బయటి సంబంధం చేసుకున్న ఇద్దరు క్యారియర్లకూ లెక్క ఒకటే: ప్రతి కాన్పులో జబ్బుకు 25 శాతం, క్యారియర్ కావడానికి 50 శాతం, ఏమీ లేకపోవడానికి 25 శాతం అవకాశం. "ఒకరికి వచ్చేసింది కదా, ఇంక ముగ్గురికి రాదు" అనుకునే తల్లిదండ్రులుంటారు. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటికొస్తుందని వాళ్లకు నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

పోయినవాళ్ల గుర్తు మీద అడ్డగీత. గర్భస్రావానికి చిన్న త్రిభుజం. ఆ త్రిభుజం గురించి అత్తగారి ముందు అడగకూడదు. తల్లి ఒంటరిగా ఉన్నప్పుడు, గొంతు తగ్గించి అడగాలి. డాక్టరుతో అనని మాట సిస్టర్‌తో అనేవాళ్లు చాలామంది. నా దృష్టిలో ఈ పటం ముందుగా నర్సుదే.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. బఠానీ మొక్కలతో మెండెల్ కనిపెట్టిన సూత్రాలు 1866లో అచ్చయ్యాయి. 1900 దాకా పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1925లో డెట్రాయిట్‌లో పిల్లల డాక్టరు థామస్ కూలీ ఈ థలసీమియా రక్తహీనతను వర్ణించారు. 1953లో డీఎన్‌ఏ నిర్మాణం తెలిసింది, 2003లో మానవ జీనోమ్ ప్రాజెక్టు ముగిసింది. పటంలో వాడే గుర్తులకు అమెరికా జన్యు సలహాదారుల సంఘం 1995లో ఒక ఒరవడి పెట్టింది.

పటం దగ్గరికే వద్దాం. బాబు పిన్ని వృత్తం ఇంకా ఖాళీగా ఉంది. అక్క క్యారియర్ కాబట్టి ఆమెకూ సగానికి సగం అవకాశముంది. అడిగితే "మా చెల్లికి ఇప్పుడు మూడో నెల సిస్టర్. రక్తం తక్కువని మాత్రలు వాడుతోంది, అయినా పెరగట్లేదు" అంటుంది తల్లి. ఇక్కడ చెవులు రిక్కించాలి. క్యారియర్ల ఎర్రకణాలు చిన్నవిగా ఉంటాయి, హిమోగ్లోబిన్ కాస్త తక్కువుంటుంది. పైకి ఐరన్ లోపంలాగే కనిపిస్తుంది. అసలు లోపమే లేకపోతే ఎన్ని మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగదు. పిన్నికి హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష ఇప్పుడే చేయించాలి. ఆమె క్యారియరని తేలితే వెంటనే భర్తకూ. ఆయనా క్యారియరైతే గర్భస్థ శిశువు పరీక్ష గురించి జన్యు సలహాదారుతో మాట్లాడే వ్యవధి ఇంకా ఉంది.

పటానికి చిక్కనివి, మరికొన్ని

డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము మూడు ప్రతులుంటాయి. 1959లో లెజూన్ బృందం దీన్ని ప్రకటించింది. చాలావరకు ఇది వారసత్వంగా రాదు, కాబట్టి పై తరాల్లో ఎవరికీ ఉండకపోవచ్చు.

హిమోఫిలియా జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. బాబుకు రక్తం ఆగకపోతే ముందుగా తల్లి అన్నదమ్ముల గురించి అడగండి. సుమారు మూడింట ఒక వంతు కేసుల్లో కుటుంబ చరిత్రే ఉండదు.



బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై క్రోమోజోమును బట్టి ఉంటుంది. ఆడపిల్లను కన్నదని కోడలిని తిట్టే ఇంట్లో ఈ మాట నర్సు అందరి ముందూ, గట్టిగానే చెప్పాలి.