‘ఫైన్’ - దండనా? ప్రశంసా?

గడువు దాటిన పుస్తకానికి గ్రంథాలయంలో మనం చెల్లించేది ‘ఫైన్’. చక్కని వ్యాసానికి అధ్యాపకుల నుండి లభించే మెప్పు కూడా ‘ఫైన్’. దండన, ప్రశంస ఒకే మాటలో ఎట్లా ఇమిడాయి?

రెండింటికీ మూలం, ‘ముగింపు’ అనే అర్థం గల ‘ఫినిస్’ అనే లాటిన్ పదం. వివాదాన్ని ముగించడానికి చెల్లించే సొమ్ము క్రమంగా జరిమానా అయింది. తుదిమెరుగు దిద్దుకొన్నది శ్రేష్ఠమైంది. సన్నని దారానికీ, మేలిమి బంగారానికీ, మబ్బులేని రోజుకూ ఆంగ్లంలో ఇదే విశేషణం. మనమైతే వేర్వేరు మాటలు వాడతాం. ఉర్దూలో దారం ‘బారీక్’, బంగారం ‘ఖాలిస్’. ‘జుర్మానా’ తెలుగులో ‘జరిమానా’గా స్థిరపడింది.

కనుక అనువాదంలో నిఘంటువు చూపే మొదటి అర్థాన్నే పట్టుకొంటే మార్కులే కాదు, భావమూ పోతుంది. వాక్యాన్ని చూచి పదాన్ని ఎన్నుకొందాం.